సెలవు దొరికింది, మరి విశ్రాంతి?



ఈ వారం వీడియోలో భగవద్గీత ఆరో అధ్యాయం, ధ్యానయోగం గురించి మాట్లాడుకున్నాం. యోగం ఎవరికి కుదురుతుందో చెబుతూ కృష్ణుడు కొన్నింటిని వరసగా చెబుతాడు. తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ. ఇవన్నీ తగిన పాళ్లలో ఉండాలంటాడు. తిండి గురించి, నిద్ర గురించి ప్రవచనాల్లో చాలా వింటాం. ఆ రెండో మాట దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగం. విహారం. మనం ఇవాళ వెకేషన్ అంటున్నదాన్ని తెలుగులో విహారయాత్ర అనే కదా అంటాం!

అందుకే ఈ పోస్టులో ఆ ఒక్క మాటనే పట్టుకుందాం. విదేశంలో ఏదో బీచ్‌కి వెళ్లి, పక్కన ఒక తోడుతో, ఏ పనీ లేకుండా నాలుగు రోజులు గడపడం తప్పా? తప్పు కాకపోతే, అలా గడిపి వచ్చాక కూడా మనలో చాలామందికి అలసట ఎందుకు తీరదు?

మన ఇళ్లలో ప్రయాణం అంటే

మా నాన్న బ్యాంకు ఉద్యోగి. ఎల్‌టీసీ వాడుకున్నా అది తిరుపతికో, షిర్డీకో, ఒకసారి కాశీకో. ఆ ప్రయాణాలకి ముందు రోజు రాత్రి అమ్మ పులిహోర కలిపేది, రైల్లో అందరికీ పంచేది, దర్శనం లైన్లో పిల్లల్ని పట్టుకునేది, ఇంటికొచ్చాక బట్టలన్నీ ఉతికేది. మా ఇంట్లో 'ఊరికే' ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. దేవుడి కోసమో, పెళ్లి కోసమో, ఆస్పత్రి కోసమో వెళ్లేవాళ్లు. మీ ఇళ్లలోనూ దాదాపు ఇంతే అయ్యుంటుంది.

అందుకే మన తరం బీచ్‌లో పడుకున్నప్పుడు లోపల చిన్న ముల్లు ఒకటి గుచ్చుకుంటుంది. అమ్మానాన్నా ఎప్పుడూ ఇలా పడుకోలేదే, నాకెందుకు ఈ భోగం అని. దీనికి రెండు సమాధానాలు తయారుగా ఉంటాయి. ఆఫీసులో కొలీగ్ అంటాడు: సంపాదించేదే ఎంజాయ్ చేయడానికి. ఇంట్లో పెద్దవాళ్లంటారు: ఆ డబ్బుతో కాశీ వెళ్లి రావచ్చు కదా. వినడానికి రెండూ వేరువేరుగా ఉన్నా, రెండూ లెక్కలే. ఎంత ఖర్చయింది, దానికి ఎంత సరదా వచ్చింది లేదా ఎంత పుణ్యం వచ్చింది అన్న లెక్క. అసలు ఆ మనిషి అలసట తీరిందా అని రెండు పక్షాల్లోనూ ఎవరూ అడగరు.

మన ఇతిహాసం ఈ విషయంలో మనకంటే తేలిగ్గా ఉంటుంది. మహాభారతం ఆదిపర్వంలో, ఖాండవ దహనానికి ముందు, ఎండలు మండిపోతున్నాయని అర్జునుడు కృష్ణుడితో అంటాడు: యమునకి వెళ్దాం, మనవాళ్లందరితో సరదాగా గడిపి సాయంత్రానికి వచ్చేద్దాం అని. కృష్ణుడు సరేనంటాడు. ధర్మరాజు అనుమతి తీసుకుని వెళతారు. అక్కడ తిండి, పాట, నీళ్లలో ఆటలు అన్నీ ఉంటాయి. దాన్ని తప్పని వ్యాసుడు ఎక్కడా అనలేదు. అగ్నిదేవుడు బ్రాహ్మణుడి రూపంలో వచ్చి ఆకలి అని అడిగింది కూడా ఆ విహారంలో ఉన్నప్పుడే. అర్జునుడికి గాండీవం చేతికొచ్చింది ఆ తర్వాతే. కాబట్టి నీటి ఒడ్డున స్నేహితుడితో కాలక్షేపం చేయడం మన ధర్మానికి విరుద్ధమన్న భయం అక్కర్లేదు.

మరి అలసట ఎందుకు తీరదు? ఈ ప్రశ్నకి నాకు ఒక దారి చూపించింది బాలి ద్వీపం.

ఉగాది రోజు మూతపడే ద్వీపం

బాలి గురించి మీకు తెలిసే ఉంటుంది. ప్రపంచంలోనే అత్యధిక ముస్లిం జనాభా ఉన్న దేశం ఇండోనేషియా. అందులో ఉన్న ఈ చిన్న ద్వీపంలో నూటికి ఎనభై మందికి పైగా హిందువులు. నేను బాలి వెళ్తున్నానని చెబితే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ గుడి ఉందా?" ఉందమ్మా, అక్కడ ఇంటికొక గుడి ఉంటుంది అన్నాను. అది నిజం. బాలి ఇళ్ల ఆవరణలో ఒక మూల ఆ కుటుంబపు పూజా మందిరం తప్పకుండా ఉంటుంది. పొద్దున్నే కొబ్బరాకుతో అల్లిన చిన్న పళ్లెంలో పూలు, బియ్యం, అగరొత్తి పెట్టి గుమ్మం ముందు, దుకాణం ముందు, కారు డాష్‌బోర్డ్ మీద కూడా ఉంచుతారు. దాన్ని చనంగ్ సరి అంటారు. ఫుట్‌పాత్ మీద నడిచేటప్పుడు వాటిని తొక్కకుండా చూసుకుని అడుగేయాలి.

2023 మార్చిలో నేనూ, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటూ కలిసి ఒక వారం అక్కడికి వెళ్లాం. సనూర్ అనే ఊళ్లో దిగాం. అది ద్వీపానికి తూర్పు తీరం. కొంత దూరంలో పగడపు దిబ్బ అడ్డం ఉండటంతో అలలు అక్కడే విరిగిపోతాయి, ఒడ్డు దగ్గర నీళ్లు చెరువులా ఉంటాయి. సముద్రం మీద సూర్యోదయం కనబడుతుంది. తీరం పొడవునా నడక దారి ఉంటుంది. అక్కడొక తీరం పేరు సెగర. బాలి భాషలో సముద్రమనే అర్థం. మన 'సాగర' చుట్టపు చూపుగా వెళ్లి అక్కడే స్థిరపడిపోయినట్టుంది.

మా వారం మధ్యలో మార్చి 22 వచ్చింది. మనకి ఆ రోజు శోభకృత్ నామ సంవత్సర ఉగాది. బాలి వాళ్లకి అదే రోజు న్యెపి, వాళ్ల కొత్త సంవత్సరం. ఇది కాకతాళీయం కాదు. మన పంచాంగంలో శాలివాహన శకం అని రాసే లెక్క క్రీ.శ. 78 నుంచి మొదలవుతుంది. బాలి వాళ్ల శక సంవత్సరం లెక్కా అదే. ఆ రోజు ఇద్దరికీ 1945 మొదలైంది. అధిక మాసాలు కలిపే పద్ధతి వేరు కావడంతో అన్ని సంవత్సరాలూ తేదీలు కలవవు. 2024లో న్యెపి మార్చి 11న వస్తే, మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది.

లెక్క ఒకటే అయినా జరుపుకునే తీరు పూర్తిగా వేరు. న్యెపికి కొన్ని రోజుల ముందు తెల్లబట్టలు కట్టుకుని, గుళ్లలోని దేవతా ప్రతిమల్ని ఊరేగింపుగా సముద్రానికి తీసుకెళ్లి శుద్ధి చేస్తారు. దాన్ని మెలాస్తి అంటారు. ముందు రోజు సాయంత్రం ఒగొ-ఒగొ అనే పెద్ద పెద్ద రాక్షసుల బొమ్మల్ని భుజాల మీద మోస్తూ, డప్పులతో, కేకలతో వీధులన్నీ దద్దరిల్లేలా తిప్పుతారు. ఆ తర్వాత పొద్దున ఆరింటి నుంచి మర్నాడు పొద్దున ఆరింటి దాకా ద్వీపమంతా ఆగిపోతుంది. మాటవరసకి కాదు, నిజంగానే ఆగిపోతుంది. అంతర్జాతీయ విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. దుకాణాలుండవు, వాహనాలుండవు. 2018 నుంచి మొబైల్ డేటా కూడా ఆపేస్తున్నారు. పెచాలంగ్ అనే గ్రామ రక్షకులు వీధుల్లో తిరుగుతూ ఎవరూ బయటికి రాకుండా, ఎక్కడా దీపం కనబడకుండా చూస్తారు. అత్యవసర వైద్యానికి మాత్రం అనుమతి ఉంటుంది.

ఆ రోజు పాటించే వ్రతాన్ని చతుర్ బ్రత అంటారు. బ్రత అంటే మన వ్రతమే. నాలుగు నియమాలు. అమతి గెని, అంటే నిప్పూ దీపమూ వెలిగించకూడదు. అమతి కార్య, అంటే పని చేయకూడదు. అమతి లెలుంగనన్, అంటే ఎక్కడికీ కదలకూడదు. అమతి లెలంగువన్, అంటే వినోదం పెట్టుకోకూడదు.

ఈ నాలుగూ హోటల్ వాళ్లిచ్చిన కాగితం మీద ఉన్నాయి. చదవగానే నాకు తట్టింది ఒకటే. సెలవు పెట్టి మేం ఆపింది ఈ నాలుగింటిలో ఒక్కదాన్నే. పని. మిగతా మూడూ మామూలు రోజులకంటే ఎక్కువ చేస్తున్నాం. తిరుగుడు ఎక్కువైంది, వినోదం ఎక్కువైంది. వెలుగు సంగతి చెప్పక్కర్లేదు, రాత్రి ఒంటిగంట దాకా మొహం మీద ఫోన్ వెలుగే.

ల్యాప్‌టాప్ మూత వేశాక కూడా లోపల ఫ్యాన్ తిరుగుతూ ఉండటం మీరు వినే ఉంటారు. ఏదో ప్రాసెస్ ఆగకుండా నడుస్తూ ఉంటుంది. మన సెలవులు అచ్చంగా అలాంటివే.

తెలుగులో ఈ తేడా మాటల్లోనే ఉంది. సెలవు అంటే అనుమతి. పెద్దవాళ్లు ఏదైనా చెబితే 'సెలవిచ్చారు' అంటాం. వెళ్లొస్తానని చెప్పడానికి 'సెలవు' అంటాం. అంటే సెలవు ఇంకొకరు ఇచ్చేది. మేనేజర్ అప్రూవ్ చేస్తే వస్తుంది. విశ్రాంతిలో శ్రమ ఉంది, ఆ శ్రమ తీరడం ఉంది. దాన్ని పోర్టల్‌లో అప్రూవ్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

పక్కనున్న మనిషి

నా స్నేహితుడి దగ్గర ఒక షీట్ ఉంది. ఆరు రోజులకి ఇరవై మూడు చోట్లు. ఏ చోటికి ఎంత టైము, ఎంత ఖర్చు, ఫోటో ఏ గంటకి బావుంటుంది, అన్నీ కాలమ్స్. కొండ అంచున ఉలువాటు గుడి, అక్కడ సాయంత్రం రామాయణ కథతో ఆడే కెచక్ నృత్యం. సముద్రంలో రాతి మీద ఉన్న తనా లోట్. సనూర్ నుంచి పడవలో నుసా పెనిడా దీవి. నాకేమో ఆ చెరువులాంటి నీళ్లలో మెడ దాకా కూర్చోవాలని ఉంది. మొదటి రెండు రోజులూ అతనితో తిరిగాను. బాగానే ఉంది. కానీ అతను ఒక చోట నిలబడి ఇంకో చోటు గురించి మాట్లాడుతున్నాడు. ఉలువాటులో సూర్యుడు దిగుతుంటే, రేపు పడవ ఎన్నింటికని చూసుకుంటున్నాడు.

దానికి కారణం నాకు తెలుసు. జనవరిలో అతని కంపెనీ ఒక్క మెయిల్‌తో చాలామందిని ఇంటికి పంపించింది. అందులో అతనూ ఒకడు. టికెట్లు అప్పటికే కొనేశాం, డబ్బులు వెనక్కి రావు. అందుకే వచ్చాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఖాళీగా కూర్చుంటే ఆ మెయిల్ గుర్తొస్తుంది. అందుకే ఖాళీ లేకుండా చూసుకుంటున్నాడు. మనలో చాలామందిమి వేరే వేరే కారణాలతో చేసేది ఇదే కదా. అతని కారణం కొంచెం పెద్దది, అంతే.

తోడుతో ప్రయాణంలో ధర్మసంకటం ఇక్కడే ఉంటుంది. ఈ సెలవు ఎవరిది? అతనికి తిరగాలి, నాకు ఆగాలి. ఖర్చు చెరి సగం. ఎవరి ఇష్టం నెగ్గాలి? ఒక రోజు నీది, ఒక రోజు నాది అని పంచుకోవచ్చు. అది న్యాయమే. కానీ అలా పంచుకుంటే నా రోజు అతను భరిస్తాడు, అతని రోజు నేను భరిస్తాను. ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటారు.

న్యెపి రోజు పొద్దున హోటల్ వైఫై మాత్రం నడుస్తోంది. ఇంటికి వీడియో కాల్ చేసి ఉగాది శుభాకాంక్షలు చెప్పాం. అక్కడ ఇంకా తెల్లారుతోంది, మనకంటే బాలి రెండున్నర గంటలు ముందు. ముందు రోజు సిందూ మార్కెట్లో పచ్చిమామిడి, తాటిబెల్లం కొన్నాం. వేపపువ్వు దొరకలేదు. ఈ సంవత్సరం చేదు ఇంటి నుంచే తెచ్చుకున్నాంలే అన్నాడు వాడు.

పదింటికల్లా అతనికి తోచలేదు. బయటికి వెళ్లడానికి లేదు, ఎదురుగా బీచ్ ఉన్నా ఇసుక మీద అడుగు పెట్టడానికి లేదు. ఫోన్‌లో ఉద్యోగాల సైట్లు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఆ నాలుగు నియమాల కాగితం చూపించి, ఇవాళ మనం కూడా ఇవి పాటిద్దామా అన్నాను.

"ఫోన్ కూడానా?"

"ఫోన్ కూడా. అమతి గెని."

కాసేపు చూశాడు. "నువ్వు పెడితే నేను పెడతా" అన్నాడు.

రెండు ఫోన్లూ గదిలో లాకర్లో పెట్టేశాం.

మధ్యాహ్నం దాకా కష్టంగానే గడిచింది. మాట్లాడుకోవడానికి ఏమీ లేనట్టుంది. తర్వాత నిద్ర, తర్వాత మళ్లీ కూర్చోవడం. సాయంత్రానికి ఏదో సడలింది. చీకటి పడ్డాక వరండాలో చాపల మీద పడుకున్నాం. అమావాస్య మర్నాడు, చంద్రుడు అప్పటికే దిగిపోయాడు. ఊళ్లో ఒక్క దీపం లేదు. హైదరాబాదులో పెరిగిన ఇద్దరం అన్ని నక్షత్రాలు ఎప్పుడూ చూడలేదు. అప్పుడు మొదలుపెట్టాడు. ఆ మెయిల్ వచ్చిన పొద్దున సంగతి, లాగిన్ కాకపోతే నెట్ సమస్య అనుకున్న సంగతి, నాన్న రిటైర్‌మెంట్, చెల్లి ఫీజు, అన్నీ. నేను సలహాలేవీ ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర లేవు కూడా. "మామా, ఆ చివరి వన్ ఆన్ వన్‌లో మా మేనేజర్ ఏమన్నాడో తెలుసా..." అన్నాడు. తర్వాత మాట లేదు. చూస్తే నిద్రపోయాడు. పొద్దున ఏడింటి దాకా లేవలేదు.

ఆ మేనేజర్ ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. నేను అడగలేదు.

న్యెపి వల్ల అతనికి ఉద్యోగం రాలేదు. ఇంట్లో చెప్పడం, ఇంటర్వ్యూలు, అన్నీ తర్వాత అతను పడాల్సినవి అతనే పడ్డాడు. కానీ జనవరి తర్వాత అంత నిద్ర పోవడం అదే మొదటిసారని తనే చెప్పాడు. ఆ వారంలో మాకు దొరికిన విశ్రాంతి ఏదైనా ఉంటే, ఇరవై మూడు చోట్లలో ఎక్కడా దొరకలేదు. షీట్‌లో ఖాళీగా వదిలేసిన ఆ ఒక్క గడిలో దొరికింది.

డబ్బు కట్టాం కదా

ఇంకో విషయం చెప్పకపోతే ఇది సగం కథే అవుతుంది. ఆ రోజు మాకు రెండు పూటలా భోజనం వచ్చింది. అంటే ఎవరో వండారు, ఎవరో తెచ్చారు. న్యెపి రోజు రోడ్డెక్కడానికి లేదు కాబట్టి, కొద్దిమంది సిబ్బంది ముందు రోజే వచ్చి హోటల్లోనే ఉండిపోయారు. వాళ్ల కొత్త సంవత్సరం రోజు, వాళ్ల ఇంటి మౌనాన్ని వదులుకుని, మా మౌనానికి అన్నం పెట్టారు. చీకటి పడకముందే భోంచేయమనీ, తెరలు వేసుకోమనీ మాత్రం కోరారు.

భోజనాల దగ్గర ఒకాయన గొడవపడ్డాడు. ఈత కొలను దగ్గర దీపాలు ఎందుకు ఆపారు, మేం పూర్తి డబ్బు కట్టాం కదా అని. ఆ కుర్రాడు తలొంచుకుని సారీ చెబుతూనే ఉన్నాడు.

ఆయన అన్నది చట్టం ప్రకారం చూస్తే తప్పేమీ కాకపోవచ్చు. కానీ 'డబ్బు కట్టాం కదా' అన్న మాట నోట్లో ఉన్నంతసేపూ మనిషికి విశ్రాంతి దొరకదు. ఎందుకంటే ఆ మాట అన్నవాడు ఇంకా వసూలు చేస్తూనే ఉన్నాడు. సముద్రం నుంచి వసూలు, ఎండ నుంచి వసూలు, వెయిటర్ నుంచి వసూలు, పక్కనున్న తోడు నుంచి కూడా వసూలు. ఇంత దూరం వచ్చి ఇంత మాత్రమేనా అనే లెక్క నడుస్తూనే ఉంటుంది. మన విశ్రాంతి ఎప్పుడూ ఎవరో ఒకరి శ్రమ మీదే నిలబడుతుంది. దాన్ని పూర్తిగా తప్పించలేం. అడిగేది తగ్గించడం మాత్రం మన చేతిలో ఉంది. ఆ నాలుగు నియమాల్ని అలా చూస్తే అన్నీ ఒకటే చెబుతున్నట్టు నాకు అనిపించింది: ఒక్క రోజు లోకాన్ని ఏమీ అడక్కు.

అది బలవంతం కదా?

మీలో కొందరికి ఈ సందేహం వచ్చే ఉంటుంది. వీధుల్లో కాపలా పెట్టి, ఇంటర్నెట్ ఆపి, అందరినీ లోపల ఉంచితే అది విశ్రాంతి ఎలా అవుతుంది? నిజమే, బయటివాళ్లకి అది నిర్బంధంలా అనిపించవచ్చు. ఆ సందేహాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఇంకో వైపు నుంచి కూడా చూడండి.

మనం ఎందుకు ఆగలేం? ఎక్కువసార్లు కారణం బద్ధకానికి వ్యతిరేకం, భయం. నేను ఆగితే మిగతావాళ్లు ముందుకెళ్లిపోతారని. నేను నిద్రపోతుంటే ఎవరో కొత్త కోర్సు పూర్తి చేస్తున్నారని. నేను ఇక్కడ పడుకుంటే మిగతావాళ్లు అంతకంటే మంచి బీచ్‌లో ఉన్నారని. ఒక్కడే ఆగడం అంటే వెనకబడటం. ద్వీపమంతా ఒకేసారి ఆగితే ఎవరూ వెనకబడరు. న్యెపిలో ఉన్న తెలివి అదే. అందరూ కలిసి ఒప్పుకున్నారు కాబట్టి ఒక్కొక్కరికి సాధ్యమవుతోంది. మన శివరాత్రి జాగారం కూడా అంతే కదా. ఒంటరిగా గదిలో రాత్రంతా మేల్కొని ఉండటం కష్టం. గుళ్లో వందమందితో కూర్చుంటే తెల్లారిపోతుంది.

మన నగరాలు ఒక రోజు ఆగవు. మన కంపెనీలు ఆగవు. కానీ ఒప్పందానికి ద్వీపమంతా అక్కర్లేదు. ఇద్దరు చాలు. 'నువ్వు పెడితే నేను పెడతా' అన్నది ఇద్దరు మనుషుల న్యెపి. ప్రయాణానికి తోడు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఫోటో తీయడానికీ, ఖర్చు పంచుకోవడానికీ తోడు పనికొస్తుంది, కాదనను. అసలు ఉపయోగం, నాతోపాటు ఆగడానికి ఒప్పుకోవడం.

ఒకే తీరం, రెండు ప్రయాణాలు

మళ్లీ మహాభారతానికి వద్దాం. ఇప్పటి గుజరాత్‌లో, సోమనాథ్ దగ్గర సముద్ర తీరాన ప్రభాస తీర్థం ఉంది. భారతంలో ఆ తీరం రెండుసార్లు ముఖ్యంగా వస్తుంది.

మొదటిసారి ఆదిపర్వంలో. అర్జునుడు నియమభంగం వల్ల తీర్థయాత్రలు చేస్తూ, దేశమంతా తిరిగి, చివరికి ప్రభాసకి చేరతాడు. ఆ సంగతి తెలిసి కృష్ణుడు వెతుక్కుంటూ వస్తాడు. కౌగిలించుకుంటారు, కుశలం అడుగుతారు. కృష్ణుడు అతన్ని రైవతక పర్వతానికి తీసుకెళతాడు. అక్కడ భోజనం, పాట, నాట్యం అయ్యాక, అర్జునుడు పక్క మీద పడుకుని తను చూసిన నదులు, కొండలు, అడవుల గురించి కృష్ణుడికి చెబుతూ చెబుతూ నిద్రలోకి జారిపోతాడు. అన్ని తీర్థాలు తిరిగినవాడు నిశ్చింతగా నిద్రపోయింది స్నేహితుడి దగ్గరికొచ్చాకే, అదీ మాట మధ్యలో. బాలి నుంచి వచ్చిన చాలా రోజులకి ఈ ఘట్టం చదివినప్పుడు నాకు ఆ వరండా గుర్తొచ్చింది.

రెండోసారి మౌసలపర్వంలో. యాదవులంతా అదే ప్రభాసకి వస్తారు. అదీ పేరుకి తీర్థయాత్రే. బోలెడు తిండి, మద్యం తెచ్చుకుంటారు. తాగిన మైకంలో సాత్యకి, కృతవర్మ పాత యుద్ధం నాటి తప్పులు ఒకరివొకరు ఎత్తిచూపుకుంటారు. మాట మాట పెరిగి, తీరంలో మొలిచిన తుంగ చేతికందితే దాంతోనే ఒకరినొకరు చంపుకుంటారు. ఒక వంశమే అయిపోతుంది.

సముద్రం ఒకటే, ఇసుక ఒకటే. రెండు సందర్భాల్లోనూ విందు ఉంది, తోడు ఉంది. ఒకచోట మనిషి మోసుకొచ్చినదాన్ని స్నేహితుడి ముందు దించేశాడు. ఇంకోచోట తెచ్చినదాన్ని తోటివాళ్ల మీదికి విసిరారు. కాబట్టి ఒక ప్రయాణం తీర్థయాత్రా, విహారయాత్రా అన్నది వెళ్లిన చోటు పేరుతో తేలదు. గుడికి వెళ్లి కూడా వీఐపీ దర్శనం కోసం పోట్లాడి రావచ్చు. బీచ్‌కి వెళ్లి కూడా బరువు దించుకుని రావచ్చు.

మీ తర్వాతి ప్రయాణానికి

పెద్ద సాధనలేమీ చెప్పను. వారం రోజుల సెలవులో ఒక్క రోజు ఖాళీగా ఉంచండి. ఆ రోజు ఆ నాలుగూ ఆపండి. పని, ప్రయాణం, వినోదం, వెలుగు. ఇంటికి ఫోన్ చేసి క్షేమం చెప్పేశాక ఆపండి, లేకపోతే అమ్మ కంగారు పడుతుంది. ఏదో ఒకటి తినండి, మంచి రెస్టారెంట్ కోసం వెతకొద్దు. దీపం ముందు కూర్చునే అలవాటుంటే ఒక్క దీపం పెట్టుకోండి, అది మన సంప్రదాయం. కానీ స్క్రీన్ వద్దు. ఇవన్నీ ఒక్కరే చేయాలనుకోకండి. పక్కనున్నవాళ్లతో ముందే మాట్లాడి, ఇద్దరూ ఒప్పుకుని చేయండి. భార్యాభర్తలైనా, స్నేహితులైనా, అక్కాచెల్లెళ్లైనా సరే. మొదటి సగం రోజు విసుగ్గా ఉంటుంది. ఉండనివ్వండి.

అమ్మానాన్నల విషయంలో ఆ ముల్లు ఉంటుందన్నాను కదా. అది పోవడానికి వాళ్లనీ విదేశం తీసుకెళ్లాలని లేదు. తీసుకెళితే మంచిదే. కానీ వాళ్లకీ ఇన్నేళ్లుగా దొరకనిది బీచ్ ఒక్కటే అనుకోకండి. వాళ్లతో కలిసి ఆగిన మనిషి దొరకలేదు. ఒక ఆదివారం అమ్మ వంట మానేస్తే, మీరు ఫోన్ మానేస్తే, ఇద్దరూ ఇంట్లోనే ఆగిపోతే అది కూడా విహారమే.

టికెట్లు బుక్ చేసే ముందు అందరం హోటల్ రేటింగ్ చూస్తాం, వాతావరణం చూస్తాం, వీసా చూస్తాం. ఇంకొక్కటి కూడా చూసుకోండి. నాతో వచ్చే ఈ మనిషి పక్కన నేను మాట మధ్యలో నిద్రపోగలనా? నా పక్కన తను నిద్రపోగలడా?

శుభం.